నువ్వు చదివిన బడిలో కొత్త గది

చిన్నీ,

నిన్న కోవిల్‌పట్టిలో నువ్వు చదివిన బడిలో, పిల్లల మనసు వినడానికని ఒక గది తెరిచారు. దానికి పరదాలు కుట్టిచ్చాను గనక నన్నూ పిలిచారు. రిబ్బను కత్తిరించింది మీ క్లాసు టీచరే. నీకు బడంటే భయంగా ఉందని అమ్మ వెళ్లి చెబితే, "అంతా నటన" అని తీసిపారేసిన మనిషి. నువ్వు పోయాక పరామర్శకైనా మన గడప తొక్కలేదు. ఇప్పుడు హెడ్మాస్టరమ్మ అయి, పిల్లల కన్నీళ్ల గురించి మైకులో తెగ కరిగిపోయింది.

అంతలో ముందు వరసలో ఒక పిల్ల నిజంగానే ఏడ్చింది. "ఫోటో తీస్తున్నారు, దాన్ని బయటికి తీసుకుపోండి" అంది ఆ మహాతల్లి.

నేనే తీసుకుపోయాను. ఎట్టయాపురం పిల్ల, ఇంట్లో మన తెలుగు మాటే.

"బడికొచ్చేదంటే బయంగా ఉండాదక్కా. చెప్తే ఎవురూ నమ్మరు."

"నేను నమ్మతా. చెప్పు పాపా."

ఆ పిల్ల అంతా చెప్పేసరికి హెడ్మాస్టరమ్మ కొత్త గదికి తాళం వేస్తోంది. "ఈ పిల్లకి బడంటే భయమట. మా చెల్లెలి గురించీ మా అమ్మ ఒకప్పుడు మీకు ఇదే చెప్పింది" అని నీ పేరు చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "ఏ సెక్షను?" అని అడిగింది.

ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, వాళ్లమ్మతో మాట్లాడటానికి ఎట్టయాపురం బస్సెక్కాను.

నీ అక్క