నల్ల కోన్

ఫిబ్రవరి 9, 2025. తాండూరు

వికారాబాద్ నుంచి ఫోన్. నాలుగేళ్ల కింద నా భార్య రజియాను గేటు దగ్గరి నుంచే తిప్పి పంపిన ఆసుపత్రి. ఐసీయూ బాగుచేసుకోవడానికి కమిటీ వేశారట. కరోనా నేర్పిన పాఠాలు రాసుకుంటారట. ఫ్యామిలీ తరఫున ఒకరు కావాలె, మీరు చదువు చెప్పినోళ్లు, లొల్లి చెయ్యరు, జర రాండ్రి సార్ అన్నాడు డాక్టర్ మల్లికార్జున్.

లొల్లి చెయ్యనని వాళ్లకు తెలుసు. ఆ రోజు చెయ్యలేదు.

నా బిడ్డ ఐమన్ ఇప్పుడు అక్కడే స్టాఫ్ నర్స్. కంచంలోంచి తల ఎత్తకుండా, పో అబ్బూ, చెప్పేది చెప్పిరా అంది.

ఫిబ్రవరి 22

మొదటి మీటింగ్. నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. మూడు సరిపోయాయి.

2021, రంజాన్ పండుగ పొద్దున. రజియాకు జ్వరం, ఆయాసం. గేటు దగ్గర టేబుల్. వేలికి క్లిప్ పెట్టారు. ఆక్సిజన్ 61. డెబ్బై లోపు వాళ్లు దక్కరని అప్పటి లెక్క. ఖాళీగా ఉన్నది ఒక్క బెడ్. మా వెనక వచ్చిన పెద్దమనిషికి 82. ఆయన్ని లోపలికి తీసుకున్నారు. మమ్మల్ని హైదరాబాద్ పొమ్మన్నారు.

రజియా అప్పటికి మాట్లాడుతూనే ఉంది. షీర్ ఖుర్మా పాలు పొయ్యి మీద వదిలేసి వచ్చామా అని కారులో మళ్లీ మళ్లీ అడిగింది. చేవెళ్ల దగ్గర అడగడం ఆపేసింది.

చెప్పి కూర్చున్నాను. సూపరింటెండెంట్ ఓదార్చాడు. ఆ పెద్దమనిషి గూడ మూడోనాడే పోయిండు సార్, మీరు మనసుల పెట్టుకోకుండ్రి అన్నాడు.

సమోసాలు వచ్చాయి.

మార్చి 8

రోజా ఉపవాసంలో ఉన్నాను. రెండో మీటింగ్.

మంచి మాటలే రాసుకున్నారు. బెడ్ ఎవరికన్నది ఒక్కరే తేల్చకూడదు. నంబర్ ఒక్కటే చూడకూడదు, మనిషిని చూడాలి. అవతలి ఆసుపత్రిలో బెడ్ ఉందని తెలిశాకే ఎవరినైనా పంపాలి. ఇంత తెలియడానికి నాలుగేళ్లు పట్టింది.

అందరూ టీ తాగుతుంటే మల్లికార్జున్ నా పక్కకు వచ్చాడు. ఆ రోజు క్లిప్ పెట్టింది తనేనట. నిలువెల్లా పీపీఈలో ఉన్నవాణ్ణి నేనెలా గుర్తుపడతాను. పండుగ గదా సార్, మేడం చేతులకు మెహందీ ఉండెనా అన్నాడు.

ఉందన్నాను.

ఎర్రదా, నల్ల కోన్‌దా అన్నాడు.

నల్లది. వేళ్ల చివరల దాకా. గోళ్ల మీద కూడా.

కప్పు కింద పెట్టాడు. నల్ల కోన్ ఉంటే క్లిప్ ఒక్కోసారి ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుందట. చెవికి పెట్టి చూడాల్సిందట. మరి నిజంగా ఎంత ఉండిందని అడిగాను. ఎనభై ఉండెనో తొంభై ఉండెనో, ఇప్పుడెవరు చెప్తరు సార్ అన్నాడు.

మార్చి 9

ఆ కోన్ పెట్టింది ఐమన్.

అప్పుడు పదిహేడేళ్లు. లాక్‌డౌన్‌లో పక్కింటి భాగమ్మ గాజుల దుకాణం షట్టర్ సగం ఎత్తించి తెచ్చింది. జ్వరంతో పడుకున్న తల్లి చెయ్యి ఒళ్లో పెట్టుకుని వేళ్ల కొసలన్నీ నింపింది. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. నేను చూశాను.

ఐమన్‌కు తెలియకూడదు.

మార్చి 15

మల్లికార్జున్ తన వేలికే నల్ల కోన్ పూసుకొచ్చాడు. వేలికి క్లిప్ పెడితే 74. చెవికి 98. చప్పట్లు కొట్టారు. డాక్టర్ సాబ్ పెండ్లిపిల్ల అయిండు అంది హెడ్ నర్స్ రెబెక్క. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాననుకుంటాను.

28న నర్సులందరికీ ట్రైనింగ్. స్క్రీన్ మీద రజియా ఫోటో వేస్తారట. వద్దన్నాను. సరే, ఫోటో తీసేస్తం, పేరు తీసేస్తం, ముచ్చటైతే చెప్తం అన్నాడు. రూల్ చెప్తే మర్చిపోతరు సార్, సచ్చిన మనిషి ముచ్చట చెప్తే యాదికుంటది.

పేరు లేకపోతే మాత్రం ఐమన్ గుర్తుపట్టదా.

మార్చి 27

ఛాతీలో నొప్పి అన్నాను. అబద్ధం. ఐమన్ రేపటికి లీవ్ పెట్టింది.

మార్చి 28

రోజంతా నా మంచం పక్కనే కూర్చుంది. బీపీ చూసింది. నాడి చూసింది. అంత మంచిగనే ఉంది గదా అబ్బూ, ఏడ నొస్తుంది అంది. చూపించాను. చెయ్యి అక్కడే వేసి ఉంచింది.

సాయంత్రం మల్లికార్జున్ మెసేజ్. ట్రైనింగ్ సూపర్ హిట్ సార్, ఇద్దరు ఏడ్చిండ్రు.

మార్చి 30

ఉగాది, రంజాన్ నెలవంక కనిపించే చాంద్ రాత్ ఒకే రోజు వచ్చాయి. భాగమ్మ పచ్చడి తెచ్చింది. ఐమన్ చేతులు చూసి, గిదేంది బిడ్డా, పండుగపూట గీ బోసి చేతులు, నాకన్న ముసల్దానివా, నీకోసమని మంచి కోన్లు దీసి పెట్టిన అంది. మా ఆస్పత్రిల మైదాకు పెట్టుకోనియ్యరు పెద్దమ్మా, రూల్ ఉంది అంది ఐమన్. నర్సింగ్ రెండో ఏటి నుంచి ఇదే మాట.

పండుగ డ్యూటీ తనే అడిగి వేయించుకుంది. రేపు గేటు టేబుల్ దగ్గర ఉంటుంది.

ట్రైనింగ్‌కు వెళ్లని నర్సు ఆమె ఒక్కతే. ఇది నాకు ఇవాళ తట్టింది. వేలికి నల్ల మెహందీ ఉంటే చెవికి పెట్టు అని ఒక్క మాట చెప్పాలి. ఆమె గది గడప దాకా వెళ్లాను. పాలు ఎన్ని తెప్పించమంటావని అడిగి వచ్చాను.

మార్చి 31

నమాజ్ అయ్యి వచ్చేసరికి మల్లికార్జున్ ఫోన్. కోట్‌పల్లి నుంచి ఒకామెను తెచ్చారట. న్యుమోనియా. చేతుల నిండా నల్ల మెహందీ. వేలికి 66. పాత లెక్కనైతే హైదరాబాద్ కొట్టేస్తుంటిమి సార్, మీ బిడ్డ దబ్బున చెవికి పెట్టింది, 89 ఉంది, ఐసీయూల చేర్సినం, దక్కుతది. ట్రైనింగ్‌కు రాకపాయె, మీరే చెప్పిండ్రా అన్నాడు.

అవునన్నాను.

ఐమన్ వచ్చింది. చెవికి పెట్టాలని ఎవరు చెప్పారని అడిగాను. షూ విప్పుకుంటూ, సెకండియర్ల సదివిన అబ్బూ అంది. రెండో షూ విప్పాక, నీకు తెల్వొద్దనుకున్న అంది.

షీర్ ఖుర్మా తిన్నాం. చక్కెర తక్కువైంది. ఇద్దరం అనలేదు.

ఏప్రిల్ 3

ఐమన్‌కు సన్మానం చేస్తారట. శాలువా కప్పుతారట. నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నాడు మల్లికార్జున్.

నేను ఒక్కటే అడిగాను.

నర్సులు మెహందీ పెట్టుకోవద్దన్న రూల్ వాళ్ల ఆసుపత్రిలో ఎప్పుడూ లేదట.