అటికమామిడి మామిడికాయ కాదు

శాలిబండ,
28-6-74

అత్తయ్యగారికి,

నా కాళ్ళ వాపు తగ్గింది, ఇక బెంగపడకండి. మీరు అటికమామిడి పప్పు తినమని రాశారని మీ అబ్బాయి మాదన్నపేట మార్కెట్లో ఆ పేరే అడిగి, సంచెడు మామిడికాయలు మోసుకొచ్చారు! నేలమీద పాకే ఎర్రకాడల ఆకుకూర అని మీ ఉత్తరం చూసి నేను చెబితే పక్కింటి కాశమ్మ ఒకటే నవ్వు. "గది గలిజేరు కదమ్మా! నీ బావికాడ మస్తుగుండె. మొన్న నువ్వే గడ్డి అనుకొని పీకి పారేస్తివి" అంది. వారం రోజులు తన పెరట్లోది కోసిచ్చింది. ఆవిడ మేలు మరిచిపోలేను.

మామిడికాయలు పచ్చడి పెట్టేశాను. మామయ్యగారి దగ్గు ఎలా ఉంది? కాశమ్మకి మన అవిసె గింజలు తప్పక పంపండి. ఇద్దరికీ దణ్ణాలు.

వాపుకి తీసి దాచిన, మీరు పెట్టిన మెట్టెలు ఇవాళ పొద్దున మళ్ళీ వేళ్ళకెక్కాయి.

మీ కోడలు
కమలకుమారి