బంపర్ కింద నిమ్మకాయ

కృతిక నాయినా,

కారు వెనక సైకిల్ ఎక్కించే స్టాండ్ దుకాణంల వాపస్ ఇయ్యకు. అది మన కారుకు సరిపోతది. "ఇది మన బండికి పట్టది, నువ్వు బస్సుల పో" అని నిన్న తేల్చేసినవ్ గద! పొద్దుగాల నేనే టేపు పెట్టి చూసిన. బంపర్ కింద స్టాండ్ దూర్చే పైపు బొక్క రెండు ఇంచులు, స్టాండ్ రాడ్ గూడ రెండు ఇంచులే. మరి లోపలికి ఎందుకు పోతలేదని టార్చ్ కొట్టి చూస్తె, దసరా పూజల దిష్టి తగలొద్దని నువ్వు పెట్టిన నిమ్మకాయ ఆ పైపుల ఎండి రాయైంది. అట్లకాడతోని పీకిన. ఇప్పుడు రాడ్ నిమ్మళంగ పోయింది.

నువ్వు పిన్ను పెట్టి గట్టిగ బిగియ్యి. ఆదివారం సైకిల్ ఎక్కించినంక నంబర్ ప్లేటు, వెనక లైట్లు కనబడుతున్నయో లేదో చూడు.

నేను మిరుదొడ్డి దాక తొక్కి వస్త. నలభై ఏండ్లకు సైకిల్ నేర్చుకొని పోటీలకు పోవుడేందని వాడకట్టోళ్లంత నవ్విన్రు, వాళ్లతోని నువ్వు గూడ నవ్వినవ్. ఆదివారం కరీంనగర్ పోటీకాడ నా సైకిల్ మన కారు వెనకకెల్లే దిగాలె.

స్వరూప

అట్లకాడ కడిగినంకనే అట్లు పోసుకో. కొత్త నిమ్మకాయ తెస్తె కారుకు కట్టకు, నా సైకిల్‌కు కట్టు. ఇగ దిష్టి తగిలేది దానికే.