అన్నయ్య అరవయ్యో పుట్టినరోజు, గ్రనడాలో

వదినా,

బాగున్నావా అని అడగడం అలవాటు, అందుకే అడిగేస్తున్నా. నువ్వు పోయి ఏడాది దాటింది. మేం బాగానే ఉన్నాం. అన్నయ్య సంగతి చెబుదామనే ఈ ఉత్తరం.

నీ సంవత్సరీకం అయ్యాక కూడా అన్నయ్య దుబాయ్ డేరా పేటలోని తన కెఫెటేరియాకి వెళ్లలేదు. భాగస్వామికి వదిలేసి, ఇంటర్నేషనల్ సిటీ ఫ్లాట్‌లో టీవీ ముందు కూర్చున్నాడు. శబ్దం ఉండదు... బొమ్మలే. షార్జా నుంచి నేను కూర తీసుకెళితే తినేవాడు. లేకపోతే అడిగేవాడు కాదు.

ఇంతలో అరవై నిండే రోజు దగ్గరపడింది. భార్య లేనివాడికి షష్టిపూర్తి ఏంటి, గుళ్లో అర్చన చేయిస్తే చాలని నెల్లూరు నుంచి పెద్దమ్మ ఫోన్. అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. “మీ అన్నని పీటల మీద కూర్చోబెట్టడం కాదు జయా, నాలుగు రోజులు ఎక్కడన్నా తిప్పాల. ఆ టీ గిన్నె ముందే ముసలోడైపోయినాడు.” ఫోన్‌లో స్పెయిన్‌లోని ఈ గ్రనడా బొమ్మ చూపించావు కదా... ఎర్రటి కోట, వెనక మంచు కొండలు.

వీసాకి, టికెట్లకి నేనే తిరిగాను. అన్నయ్య రానంటే రానన్నాడు. వదిన అడిగిన ఊరు అన్నాను. మారు మాట్లాడకుండా పెట్టె సర్దుకున్నాడు.

కోట చూశాం. నీళ్ల కాలవలు, నారింజ చెట్లు, దూరంగా నువ్వు చెప్పిన మంచు... అన్నిటికీ తలూపాడు. అంతే.

పుట్టినరోజు మధ్యాహ్నం నేను పిల్లలకి బొమ్మలు కొంటూ వెనక్కి తిరిగేసరికి అన్నయ్య లేడు. ఫోన్ హోటల్లోనే వదిలేశాడు. ఆ ఊరి సందులన్నీ మెట్లే... ఎక్కడని వెతకను? ఎక్కుతూ దిగుతూ వెతికాను. చివరికి మొరాకో వాళ్ల టీ కొట్ల వీధిలో ఆయన గొంతు వినబడింది. ఎన్నాళ్లైంది వదినా, ఆ గొంతు అంత గట్టిగా విని!

ఒక కొట్టు వంటగదిలో ఉన్నాడు. తన డేరా అరబీలో యజమానితో వాదులాట. పుదీనా నీళ్లని టీ అంటారా, పాలు తే, యాలకులు తే, యల్లా, తొందరగా! ఆ పెద్దాయన నవ్వి గిన్నె అప్పజెప్పాడు. అన్నయ్య టీని పైకెత్తి పోస్తుంటే జనం లేచొచ్చి చూశారు. నాకూ ఓ గ్లాసు ఇచ్చాడు. చక్కెర ఎక్కువైంది... తాగేశాను.

ఇంటావిడ రాలేదా అని అడిగాడు పెద్దాయన. అన్నయ్య తడుముకోకుండా, ఇంట్లో ఉందని చెప్పాడు. నేను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

తిరుగు విమానంలో తనే ఆ మాట ఎత్తాడు. “అబద్ధమేలే జయా... ఒక్కసారి అట్టా అనాలనిపించింది.” తర్వాత ఏడ్చాడు. నిన్ను సాగనంపిన రోజు కూడా ఏడవని మనిషి. నువ్వైతే ఏమనేదానివి?

వచ్చిన వారంలోనే కెఫెటేరియాకి వెళ్లాడు. సాయంత్రం దాకా ఉంటున్నాడు. మోకాళ్లు నొప్పులంటాడు, మళ్లీ పొద్దున్నే వెళతాడు.

నీ బట్టల బీరువా మాత్రం ఇంకా తెరవలేదు. తెరిచిన రోజు నేను పక్కనుంటాను. తొందరపెట్టను వదినా.

నీ ఆడపడుచు,
జయ