దేవి భుజం మీద పువ్వు

బెళుగుప్ప
7-2-2009, శనివారం

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలు ప్రసూనకు,

చౌడేశ్వరమ్మ చల్లని చూపు నీ మీద, నీ ఇంటి మీద ఉండాలని కోరుతూ అక్క సుబ్బరత్నమ్మ రాసే ఉత్తరం. ఇక్కడ మీ బావ, నేను, పశువులు అందరం కులాసా. వాన సంగతి నువ్వు అడగవద్దు, నేను చెప్పను. హైదరాబాదులో ఆరోగ్యం జాగ్రత్త. బి.పి. మాత్ర మరవకుండా వేసుకో. ఊరందరికీ చెప్పే డాక్టర్లు తాము వేసుకోరని నాకు తెలుసు.

ఫోను చేయకుండా ఉత్తరమేమిటి అనుకుంటావేమో. రెండుసార్లు చేశాను. నీ పి.ఏ. వీరేష్ ఎత్తాడు. "మేడం మీటింగులో ఉండారు, ఎవురు మాట్లాడేది?" అన్నాడు. వాళ్ల అక్కను అన్నాను. "ఏ అక్కమ్మా? ఎమ్మెల్యే అయినాక మేడంకు జిల్లా అంతా అక్కలే" అన్నాడు. పాపం, నవ్వుతూనే అన్నాడు. నాకే నవ్వు రాలేదు.

పోయిన వారం నువ్వు మనిషితో పంపిన చీటీ అందింది. మళ్లీ ఎన్నికలు వస్తున్నాయి, ఈసారీ నిలబడాలా, మానుకుని మళ్లీ ఆసుపత్రి తెరవాలా, దేవిని పువ్వు అడిగి చెప్పమన్నావు. నేను ఉపవాసముండి అడిగితే దేవి తప్పు చెప్పదనీ, తొంభై తొమ్మిదిలోనూ రెండువేల నాలుగులోనూ నా మాటే విన్నాననీ రాశావు. ఆ మాట చదివాక నాకు అన్నం సయించలేదు.

అయినా నిన్న శుక్రవారం గుడికి వెళ్లాను. తలస్నానం చేసి తడి చీరతోనే కూర్చున్నాను. పూజారి తిప్పేస్వామి అమ్మవారి రెండు భుజాల మీదా తడిపిన గన్నేరు పూలు అంటించాడు. "మనసులో అడుగమ్మా. కుడి పక్క పడితే ఔననుకో, ఎడమ పక్క పడితే కాదనుకో" అని ఎప్పుడూ చెప్పే మాటే చెప్పి పక్కకు తప్పుకున్నాడు. అమ్మ ఉన్నన్నాళ్లూ మన ఇంటి తరఫున తనే అడిగేది. ఆమె పోయాక పెద్ద కూతురినని ఆ పని నాకు వచ్చింది. ఊళ్లోనే మేనత్త కొడుక్కు ఇచ్చారు కాబట్టి నేను ఎటూ పోలేదు కదా. కానీ నిన్న నేను ఏమీ అడగలేదు. కళ్లు మూసుకుని ఊరికే కూర్చుని, పువ్వు రాలక ముందే లేచి వచ్చేశాను. "ఏమమ్మా, ఇంకా పడనే లేదే! యాడికి పోతాండావు?" అని తిప్పేస్వామి వెనక నుంచి కేకేశాడు.

ఎందుకు లేచి వచ్చానో చెప్పాలంటే ముందు ఇంకొకటి చెప్పాలి. నాకు యాభై ఏళ్లు వచ్చాయి. ఇంతవరకూ ఎవరినీ ఒక మాట అన్నదాన్ని కాను. అందరూ రత్నమ్మ నోట్లో నాలుక లేదంటారు. నాలుక లేకపోతే మనసు కూడా లేదనుకుంటారు. నాకు నీ మీద కుళ్లు, ప్రసూనా. ఇంతకంటే మంచి మాట వెతికాను, దొరకలేదు.

నేను పదో తరగతిలో మన బడికి ఫస్టు వచ్చాను. ఆ ఏడే నాయన నాకు పెళ్లి చేశాడు. నాలుగేళ్లకు నీ వంతు వచ్చేసరికి ఆయన మనసు మారింది. "ఒగదాన్నన్నా సదివిస్తా" అని నిన్ను కాలేజీకి పంపాడు, ఆపైన కర్నూలులో డాక్టరు చదువుకు చేర్చాడు. అందులో నీ తప్పు లేదు. ఆయనదీ లేదేమో. ముందు పుట్టడమే నా తప్పు. నువ్వు సెలవులకు వచ్చి, ఎముకల బొమ్మలున్న లావు పుస్తకం చాప మీద పరిచి చదువుకునేదానివి. నేను నా చంటిబిడ్డ ఈశ్వరికి అన్నం తినిపిస్తూ, తలుపు చాటు నుంచి ఆ బొమ్మల పక్కనున్న ఇంగ్లీషు పేర్లు కూడబలుక్కునేదాన్ని. ఒకరోజు నువ్వు చూసి పుస్తకాన్ని నా వైపు తిప్పావు. నేను చటుక్కున లోపలికి వెళ్లిపోయాను. నీకు గుర్తుండదు.

తరువాత టౌనులో నీ ఆసుపత్రి. ఆరు మంచాలు. పాము కరిచినవాళ్లు, కాన్పులు, పంట పోయి పురుగుల మందు తాగినవాళ్లు. ఎంతమందిని బతికించావో నాకు తెలుసు. నేను బస్సెక్కితే కండక్టరు ఎవరినో లేపేవాడు: "లెయ్యప్పా, డాక్టరమ్మ అక్క వచ్చిండాది." నాకొక పేరుందని ఆ బస్సులో ఎవరికీ తెలియదు. అయినా కూర్చునేదాన్ని. కాళ్లకు హాయిగానే ఉండేది.

తొంభై తొమ్మిదిలో పార్టీవాళ్లు నిన్ను నిలబడమన్నారు. ఆ సాయంత్రం నువ్వు మా వంటింట్లో పీట మీద కూర్చుని అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "మందు తాగినోళ్ల కడుపులు కడిగి కడిగి సాలయిందక్కా. పొద్దున తమ్మున్ని బతికించి పంపిస్తే, మాపటికి అన్నను మోసుకొస్తాండారు. నీళ్లు తేవాల. అది సూదితో అయ్యే పని కాదు" అన్నావు. నీ కళ్లు ఎలా మెరిశాయో నువ్వు చూడలేదు, నేను చూశాను. నాకు ఎప్పుడైనా ఏ పని గురించైనా కళ్లు అలా మెరిశాయా అని ఆలోచించాను. దేవిని అడిగి చెప్పమన్నావు.

ఎడమ పక్క పడిందని చెప్పాను. "సర్లే, చౌడమ్మకే ఇష్టం లేకపోతే మనమేం జేస్తాం" అని టీ తాగి ఆసుపత్రికి వెళ్లిపోయావు.

ఆ ఏడే ఈశ్వరి పెళ్లి కుదిరింది. గోరంట్ల సంబంధం, పిల్లాడు టీచరు. అంత దూరమా అని మీ బావ వెనకాడుతుండేవాడు. దేవి పువ్వు ఇచ్చిందని తిప్పేస్వామి చెప్పాక ఒప్పుకున్నాడు. రెండేళ్లకు నీ ఆసుపత్రిలోనే కాన్పు. బిడ్డ పుట్టింది గానీ ఈశ్వరికి రక్తం ఆగలేదు. రెండు గంటలు నువ్వు దాని పక్క నుంచి కదలలేదు. నేను బయట నేల మీద కూర్చుని చౌడమ్మ పేరు కూడా పలకలేకపోయాను. నువ్వు బయటికి వచ్చి గోడకు ఆనుకుని "బతికిందక్కా" అన్నావు. నీ కాళ్లు పట్టుకోబోతే తిట్టావు.

ఈశ్వరి ఆ బిడ్డకు నీ పేరు పెట్టింది. నన్ను అడగలేదు. అల్లుడికి ఇక్కడి బడికే బదిలీ అయింది కదా, బడి విడిచాక పిల్ల మా ఇంట్లోనే ఉంటుంది. ప్రసూనా, అన్నం తిను. ప్రసూనా, గౌను మార్చుకో. రోజుకు ఇరవైసార్లు నా నోటితో నేనే నీ పేరు పిలుస్తాను. పెద్దయ్యాక ఏమవుతావే అంటే "డాక్టరవ్వ మాదిరి అయితా" అంటుంది. నేను దానికి ఉత్త అవ్వను.

రెండువేల నాలుగులో మళ్లీ అడగమన్నావు. కుడి పక్క పడింది, కుడి అనే చెప్పాను. నువ్వు గెలిచావు. టపాసులు కాల్చారు, నీ జీపు మన వీధిలోకి వచ్చేసరికి పూలతో అద్దం కూడా కనపడలేదు. ఆ మరుసటి వారమే ఆసుపత్రికి తాళం పడింది.

మొన్న నీళ్ల ట్యాంకరు దగ్గర పక్కింటి బయమ్మ బిందె పెట్టుకుంటూ అందరూ వినేటట్టు అంది: "మీ చెల్లెలు గెలిచింది, మేము ఓడిపోతిమి. ట్యాంకరు పంపిస్తాది సరే, కడుపు నొస్తే ఎవురి కాడికి పోవాల?" కాలువ పనుల కోసం నువ్వు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నావో నాకు తెలుసు. నీ తరఫున ఒక్క మాటైనా అనాల్సింది. అనలేదు. బిందె ఎత్తుకుని వస్తుంటే లోపల చిన్న సంతోషం. అడుగడుక్కీ నీళ్లు తొణికినట్టు తొణికింది. ఇంటికి వచ్చి దీపం పెట్టడానికి సిగ్గేసింది.

ఇలాంటి మనసుతో దేవి ముందు కూర్చుని నీ సంగతి అడగలేను. నువ్వే రా. వచ్చే శుక్రవారం, ఏమీ తినకుండా. ఎవరి కోరిక వాళ్లు అడుక్కోకూడదు, ఇంటి పెద్ద అడగాలి అని అమ్మ అనేది. ఇంటి పెద్ద ఎలాంటిదో అమ్మకు తెలియదు. నీ ప్రశ్న నువ్వే అడుగు. పువ్వు ఏ పక్క పడిందో నీ కళ్లతోనే చూసుకో.

నీ మేలు కోరాలని రోజూ ప్రయత్నం చేసే
అక్క
సుబ్బరత్నమ్మ

తా.క. ఉత్తరం మడిచి కవరులో పెట్టాను. మళ్లీ తీశాను. తొంభై తొమ్మిదిలో కూడా పువ్వు కుడి పక్కే పడింది. "కుడి పక్క పడిందమ్మా! ఏమడిగినావు?" అని తిప్పేస్వామి సంబరంగా అడిగాడు. నీ పేరు నా నోటికి రాలేదు. ఈశ్వరి సంబంధం గురించి అన్నాను. ఆయన పువ్వు నా చేతిలో పెట్టాడు, మీ బావతోనూ అదే చెప్పాడు. నీకు పడిన పువ్వును తెచ్చి నా కూతురి జడలో పెట్టాను. నిజం చెప్పి ఉంటే, ఈశ్వరికి రక్తం ఆగని రోజున నువ్వు హైదరాబాదులో ఉండేదానివి, ఆసుపత్రికి తాళం వేసి ఉండేది. ప్రతి శుక్రవారం దేవుడి గదిలో, తప్పయిందని లెంపలు వేసుకోవడానికి చేతులు ఎత్తుతాను. అప్పుడే వాకిట్లో నీ పేరున్న పిల్ల నవ్వు వినపడుతుంది. చేతులు దించేసుకుంటాను.