మూడిళ్ల నిప్పు

ల ఫెరియేర్,
నవంబరు 27

అన్నయ్యకి నొయెమీ నమస్కారాలు. ఇక్కడ నేనూ నా పదకొండు మేకలూ ప్రాణాలతో ఉన్నాం. నీమ్ పట్నంలో నువ్వూ, వదినా, పిల్లలూ కులాసా అనుకుంటున్నాను.

నువ్వడిగినవి చెబుతాను. వాన పది రోజులుగా తెరిపి ఇవ్వలేదు. కింది మడి రాతి గట్టు మళ్లీ జారింది. నాలుగు రాళ్లు పెడితే రెండు కూలుతున్నాయి. పాస్టరు గారు రెండు వారాలకోసారే వస్తున్నారు. మన పాపాలు అప్పటిదాకా ఆగాలి కాబోలు.

చెస్ట్‌నట్ బస్తా ఎప్పుడని వదిన అడిగిందిగా, ఈ ఏడు రాదని చెప్పు. పొగ కొట్టంలో పచ్చి మొద్దు మీద పొగలు మాత్రమే రావాల్సిన నిప్పు కాస్తా మంటై లేచి, పైన తడికల మీద ఆరబోసిన కాయలు మాడిపోయాయి. మూడిళ్ల చలికాలపు తిండి అది. మిగిలిన నాలుగు గంపలూ పంచుకున్నాం.

మూడిళ్లవాళ్లం వంతులేసుకుని నిప్పు కాస్తున్నాం కదా, జకారీ పెద్దయ్య వంతులో జరిగిందని అందరూ అంటున్నారు. మధ్యాహ్నం ఆయన తలుపు తీయగానే భగ్గుమంది. ఎండు కట్టె వేసి ఉంటాడని ఆయన కోడలు లిడీ అందరి ముందూ దులిపేసింది. అగ్గిపెట్టె కూడా దాచేసింది. మన నాన్నకి నిప్పు కాయడం నేర్పిన మనిషి, ఆమె పట్టుమిల్లు నుంచి వచ్చేదాకా చల్లటి సూప్ తాగి కూర్చుంటున్నాడు.

అన్నయ్యా, ఇక రాయక తప్పదు. ఆ పొద్దున వంతు నాది. నిప్పు నీరసించింది. పచ్చి మొద్దు కావాలంటే వానలో వాగు దాటాలి. మూడు వారాలుగా మేకలూ, గట్టూ, నిప్పూ ఒక్కదాన్నే చూసుకుని ఒళ్లు హూనమైంది. దగ్గరున్న ఎండిన ద్రాక్షతీగ కట్టెలు పడేసి, మంట లేవకుండా పైన కప్పే పొట్టు కూడా వేయకుండా ఇంటికొచ్చి పడుకున్నాను. ఆయన్ని అంటుంటే నోరు మెదపలేదు.

మొన్న ఆయనే తన వాటా కాయలు సంచిలో పట్టుకొచ్చాడు. "ఏ కట్టె వేశానో నాకే గుర్తు లేదు తల్లీ. మొగుడు లేనిదానివి, నీ నోటికాడిది బుగ్గి చేశా. ఇవుంచుకుని నన్ను క్షమించు" అన్నాడు. క్షమించాను అన్నయ్యా. సంచీ కూడా తీసుకున్నాను.

రెండు రోజులు తిండి సయించలేదు. ఈ పొద్దున వెళ్లి, లిడీ ఉండగానే అంతా చెప్పి సంచి ముందు పెట్టాను. ఆయన నా చెయ్యి నిమిరి, "ముసలాణ్ణి ఓదార్చడానికి అబద్ధమాడకమ్మా. మీ అమ్మా ఇంతే, మంచి మనసు" అన్నాడు. లిడీ కళ్లు తుడుచుకుని, ఆ సంచి నా చేతికే ఇచ్చి పంపింది.

నా మాట ఎవరూ నమ్మడం లేదు. నీ మాటంటే వాళ్లకి గురి. పెద్దయ్య పేర రెండు ముక్కలు రాయి, నా చెల్లెలు అంత మంచిది కాదని.

ఇట్లు,
నీ చెల్లెలు
నొయెమీ