లిబ అంటే

మదనపల్లె,
12 జూలై 1946.

నా రామక్కకు,

జ్వరం తగ్గింది, దగ్గు తగ్గలేదు. ఈ క్షయ ఆసుపత్రిలో మధ్యాహ్నం రెండు గంటలసేపు ఎవరూ మాట్లాడకూడదు. అందుకని మా వార్డు ఆడవాళ్ళు గుసగుసగా పలికే చిన్న భాషొకటి కల్పించుకున్నారు. మొన్న పక్కమంచం మల్లమ్మ, పెద్దమండ్యం మనిషి, నా వైపు తిరిగి "లిబ" అంది. ఉలిక్కిపడ్డాను. అది పుంగనూరు బడిలో మనిద్దరం పుట్టించిన మాట కదా! అయ్యవారు ఉన్నారు, ఇటు రావద్దు అని చెప్పడానికి. ఆమెకెలా తెలిసింది?

అడిగితే నవ్వింది. "లిబ అంటే నీళ్ళు గదమ్మా! ఈడ అందరూ అట్లే అంటారు."

అవతలి వరండా వాళ్ళది మరో భాష. అందులో లిబ అంటే 'ఈ రోజు జ్వరం లేదు' అట. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నది కాదు. ఆయాసపడే నోటికి సులువుగా వచ్చే శబ్దమా? మరి ఆయాసం తెలియని రోజుల్లో మనకెందుకు తట్టింది? రెండు రోజులుగా ఇదే ఆలోచన.

అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. ఇక్కడికి బయలుదేరిన రోజు పుంగనూరులో బస్సెక్కే ముందు నిన్ను కావిలించుకోబోయాను. పుట్టింటికి వచ్చి ఉన్నావు, నీ చంకలో బిడ్డ. ఒక అడుగు వెనక్కి వేసి "లిబ" అన్నావు. అంతే. ఈ నాలుగు నెలలూ దగ్గుకంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మా అమ్మకు కూడా చెప్పలేదు. ఇన్ని అర్థాలు విన్నాక ఇప్పుడు చిన్న ఆశ. కుప్పం కోడలివయ్యాక నీకూ ఇంకో భాష వచ్చిందా? అందులో లిబ అంటే ఏమిటి?

నీ
జాహెదా

* * *

కుప్పం,
20 జూలై 1946.

జాహెదా,

నీ ఊహ నిజమే. అత్తమ్మకు తెలియకుండా నేనూ మా తోడికోడలు గోవిందమ్మా వంటింట్లో మాట్లాడుకునే భాష ఒకటుంది. అందులో లిబ అంటే 'నేనూ వస్తాను'. ఆ రోజు అన్నది అదేనని నీకు ఒక ఉత్తరం రాశాను. మడతపెట్టి, మళ్ళీ విప్పి, చించేశాను.

నేను మాట్లాడింది మన భాషే. రావద్దనే అన్నాను. బిడ్డకు అంటుకుంటుందని భయపడ్డాను. నీ ముఖం చూసి కూడా నా కాలు ముందుకు పడలేదు.

నిన్న ఇక్కడి డాక్టరును అడిగాను. బిడ్డను తీసుకుపోవద్దు, గాలి ఆడే వరండాలో కాస్త దూరంగా కూర్చోవచ్చు అన్నారు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "యాల పోవాల? బిడ్డనెవురు సూస్తారు?" అన్నారు.

"గోవిందమ్మ సూస్తాది. నేను పోవల్ల," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన, "బస్సు పొద్దున్నే ఉండాది," అన్నారు.

మంగళవారం వస్తున్నాను. నువ్వు మాట్లాడి అలసిపోవద్దు. క్షమించమని ఇందులో రాయడం లేదు. నీ ఎదుట కూర్చుని, అందరికీ అర్థమయ్యే తెలుగులో అడుగుతాను.

నీ
రామక్క